గుమ్మి మీది చీటీ

జహీరాబాద్,
8 అక్టోబర్ 1983

అక్కకు తమ్ముడు బస్వరాజ్ శరణు.

కవరు మీద నా చేతిరాత కనిపిస్తే చింపకుండానే పొయ్యిలో వేస్తావని తెలుసు. అందుకే చిరునామా టైపు కొట్టించాను. ఇక్కడిదాకా చదివావంటే ఉపాయం పారినట్టే. ఇంకో నాలుగు ముక్కలు చదువు. పొయ్యి ఎక్కడికీ పోదు.

సంగతి ఏమిటంటే, మన ఇల్లు మ్యూజియం కాబోతోంది. నవ్వకు. ఈ ఏటి వానలు నీకూ తెలుసు కదా, మన పడమటి గోడ నిలువునా కూలింది. చూడటానికి ఊరంతా వచ్చింది. వచ్చినవాళ్లలో శివకుమార్ అని ఒక ఆఫీసరు ఉన్నాడు. అందరూ కూలిన గోడను చూసి అయ్యో అంటుంటే, ఆయన మాత్రం గోడ పోయాక బయటపడ్డ దూలాలనూ స్తంభాలనూ చూసి నోరు తెరిచాడు. “పటేల్ సాబ్, గిసువంటి ఇల్లు ఈ ఇలాకల ఇంకోటి లేదు. ఖాళీ జాగ కోసం కూలగొడతరా ఏంది? జర ఆగున్రి” అన్నాడు. ఆయన చొరవతో ఊరి పెద్దలు ఒక కమిటీ కట్టారు. పాతకాలపు బతుకు ఎట్లా ఉండేదో చూపించే మ్యూజియం పెడతారట. గోడ వాళ్లే కడతారు. ఇల్లూ, ఇంట్లోని సామానూ అప్పగించాను. ఉగాదికి ముందు తెరుస్తారు.

వచ్చిన చిక్కల్లా చీటీలతోనే. ప్రతి వస్తువు కిందా అది ఏమిటో, దాని చరిత్ర ఏమిటో రాసి పెట్టాలి. ఇంటి కొడుకును కదా, నాకు అన్నీ తెలుసనుకుని ఆ పని నాకే అప్పగించారు. అక్కా, ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాను, తల నెరిసింది, ఏ ఒక్క వస్తువూ ఎందుకుందో నాకు తెలియదు. అన్నం పెట్టారు, తిన్నాను. నీళ్లు తోడారు, పోసుకున్నాను.

తెలియదంటే పరువు పోతుందని తోచింది రాశాను. వంటింటి అటక మీద గీతలు గీతలుగా ఉన్న పొడుగు పలక దొరికింది. ‘ప్రాచీన సంగీత వాయిద్యం’ అని రాశాను. శివకుమార్ గారు దాన్ని గోళ్లతో గీకి, చెవి ఆనించి, “సప్పుడు సక్కగ వస్తలేదు పటేల్ సాబ్” అన్నారు. దేవుడి గూట్లో దొరికిన చిన్న ఇత్తడి డబ్బీకి ‘విభూతి భరిణె’ అని రాశాను. వంటింటికీ నడిమింటికీ మధ్య గోడలో బొటనవేలంత కన్నం ఉంది చూడు, దానికి ‘దొంగలు వస్తే తుపాకీ పెట్టే రంధ్రం’ అని రాశాను. “మనింట్ల తుపాకి ఎన్నడుండె?” అని మీ మరదలు మణెమ్మ అడ్డం వచ్చింది. రంధ్రం ఉంది కాబట్టి తుపాకీ కూడా ఉండే ఉంటుందని దబాయించాను.

పదకొండేళ్లు అయింది నువ్వు ఈ గడప తొక్కక. తొక్కనని దీపం పట్టుకుని అన్నావని బావ అప్పుడే కబురు పంపారు. నేనిప్పుడు రమ్మనటం లేదు. రాయమంటున్నాను. ఉత్తరానికి గడప లేదు కదా.

నీ తమ్ముడు,
బస్వరాజ్

*

హుమ్నాబాద్,
19 అక్టోబర్ 1983

జహీరాబాద్ మ్యూజియం కమిటీ వారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన వస్తువుల గురించి మాత్రమే జవాబు ఇస్తున్నాను. కమిటీ వారు కాబట్టి ఇస్తున్నాను.

మీరు సంగీత వాయిద్యం అనుకున్నది సేమ్యాలు రుద్దే పలక. ఎండాకాలం ఇద్దరు ఆడవాళ్లు చెరో వైపు కూర్చుని, తడి పిండిని ఆ గీతల మీద రుద్దితే సన్నటి పోగులు జారుతాయి. ఎండబెట్టి డబ్బాల్లో పోస్తే ఏడాదంతా వచ్చేవి. మీ కమిటీలో ఒక పెద్దమనిషి చిన్నప్పుడు ఆ పచ్చి పోగులు దొంగతనంగా తిని రెండు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగాడు. ఆయనకే ఆ పలక గుర్తు లేకపోవడం వింతే.

ఇత్తడి డబ్బీ విభూతి భరిణె కాదు. అది నాయనమ్మ ముక్కుపొడి డబ్బీ. తాతకు ముక్కుపొడి అంటే మంట. ఇల్లంతా వెతికి పారేసేవాడు. దేవుడి గూట్లో మాత్రం చెయ్యి పెట్టడు. అందుకని ఆమె దాన్ని లింగయ్య పక్కనే పెట్టి, పొద్దూ మాపూ కళ్లు మూసుకుని దండం పెట్టేది. ఆమె అంత భక్తిగా తుమ్మడం చూసి తాత కళ్లనీళ్లు పెట్టుకునేవాడు.

ఇక ఆ కన్నం. తుపాకీ అని రాయడానికి సిగ్గుండాలి. నాకు సంబంధాలు చూస్తున్న ఏడాది అమ్మ తవ్విన కన్నం అది. మగవాళ్లు నడిమింట్లో ఏం మాట్లాడుకుంటున్నారో ఆడవాళ్లకు ఎవరు చెప్తారు? అట్లకాడ కొనతో మూడు మధ్యాహ్నాలు గీకింది. రాలిన మట్టిని కొంగులో మూటకట్టి పెరట్లో పోసింది. హుమ్నాబాద్ వాళ్లు వచ్చిన రోజు నా కన్ను దానికి ఆనించి, “చూడు బిడ్డ, మంచిగ చూడు, మళ్ల నన్ను అనొద్దు” అంది. మంచిగానే చూశాను. నాకు కనిపించింది ఒక చెవి. అంతే. ఆయన ఎంతకీ ఇటు తిరగలేదు. చెవి బాగానే ఉందని ఒప్పుకున్నాను. మిగతా మనిషి తర్వాత బయటపడ్డాడు.

ఇంకా వస్తువులు ఉంటే రాయవచ్చు. వేరే సంగతులు రాయనక్కర లేదు.

ఇట్లు,
శాంతమ్మ

కడుపు నిండా తింటున్నావా లేదా అని నేను అడగటం లేదు. మీ బావ అడగమన్నారు.

*

జహీరాబాద్,
14 నవంబర్ 1983

శ్రీమతి శాంతమ్మ గారికి,

కమిటీ తరఫున వేయి వందనాలు. తమరు పంపిన చరిత్ర అందింది. సేమ్యాల పలక దగ్గర కడుపునొప్పి వచ్చిన పెద్దమనిషి పేరు రాయాలా వద్దా అన్న దాని మీద కమిటీలో గంటసేపు చర్చ జరిగింది. రాయవద్దని ఆ పెద్దమనిషి ఒక్కడే చెయ్యెత్తాడు. ఓడిపోయాడు.

కన్నానికి చీటీ మార్చాను. ‘ఈ ఇంటి ఆడపిల్ల తనకు కాబోయే భర్తను మొదటిసారి చూసింది ఇక్కడి నుంచే. కనిపించింది చెవి మాత్రం.’ శివకుమార్ గారు అది చదివి అక్కడే చతికిలబడి నవ్వారు. “అమ్మగారు రాసిచ్చినయే పెట్టున్రి. జనం బండ్లు గట్టుకొని వస్తరు. మీరు రాసినయి వద్దు, మీకు దండం పెడత” అన్నారు. ఒక్కొక్కరూ వచ్చి ఆ కన్నానికి కన్ను ఆనించి చూసి పోతున్నారు. నిన్న నేనూ చూశాను. అవతల మేస్త్రీ చెవి కనిపించింది. నాకేమీ నచ్చలేదు.

అక్కా, కమిటీ మాట అయిపోయింది. ఇది తమ్ముడి మాట.

నీకు ఒడి బియ్యం పోసి ఇది పదకొండో ఏడు. బేసి ఏడు. ఉగాది దాటితే పన్నెండు పడుతుంది, సరి ఏట పొయ్యరాదు. ఆ తర్వాతి బేసి ఏటికి ఎవరు ఎట్లా ఉంటామో. మ్యూజియం తెరిచాక ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనియ్యరు, పూజ చేసుకోనియ్యరు. కాబట్టి ఆలోపే నువ్వూ బావా రండి. నడిమింట్లో పీట వేసి, పసుపు కలిపి, ఎండుకొబ్బరి కుడుకలు పెట్టి, నా చేత్తో నీ ఒడి నింపాలని ఉంది. ఇదొక్కటే నా కోరిక. మణెమ్మ ఇప్పటి నుంచే చీర చూస్తోంది. నీకు ఎర్ర అంచు ఇష్టమా, ఆకుపచ్చ అంచా?

నీ తమ్ముడు,
బస్వరాజ్

*

హుమ్నాబాద్,
2 డిసెంబర్ 1983

తమ్ముడా,

కమిటీ, గిమిటీ ఏమీ లేదు ఇప్పుడు. సూటిగా నీతోనే మాట్లాడుతున్నాను. ఒడి బియ్యం అన్న మాట రాయడానికి నీ కలం ఎట్లా కదిలింది?

నువ్వు మరచిపోయినట్టున్నావు, నేను గుర్తు చేస్తాను. డెబ్బై మూడు మాఘమాసం. అమ్మ పోయాక మొదటి ఒడి. తల్లి పోతే పుట్టిల్లు ఉందా లేదా అన్నది ఆ ఒడితోనే కదా తెలిసేది. నువ్వు పోశావు. ఒడి బరువుగానే ఉంది. పసుపుపచ్చగా ముద్దుగా ఉంది. మూట కట్టుకుని, బస్సులో ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. కింద పెడితే అమ్మకు నొప్పి తగులుతుందన్నట్టు మోసుకొచ్చాను.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లను అందరినీ భోజనానికి పిలిచాం. పుట్టింటి బియ్యం వండి పెట్టాలి కదా. వాళ్ల ముందే మూట విప్పాను. పైన రెండు దోసిళ్లు బియ్యం. కింద అంతా జొన్నలు. పసుపు పూసిన జొన్నలు!

ఎవరో కిసుక్కున నవ్వారు. “ఏందమ్మా, అంత పెద్ద గుమ్మి ఉన్నోల్లకు ఆడిబిడ్డకు పొయ్యనీకె బియ్యం లేవా?” అంది పక్కింటావిడ. మా అత్త చాటలో ఆ జొన్నలు ఎత్తుకుని లోపలికి పోయింది. నేను అక్కడే కూర్చున్నాను. తల కొట్టేసినట్టయింది.

మన నడిమింట్లో ముప్పై బస్తాల వడ్లు పట్టే గుమ్మి ఉంది. నేను వచ్చిన రోజు కూడా పైదాకా నిండే కనిపించింది. అది పెట్టుకుని నువ్వు జొన్నలు పోశావంటే అర్థం ఏమిటి? అమ్మ పోయింది, ఇక నీకు ఇక్కడ ఇంతే అని. అట్లాగే అర్థం చేసుకున్నాను. దేవుడి ముందు దీపం పట్టుకుని ఆ ఇంటి గడప తొక్కనని అన్నాను. ఇప్పుడూ అదే అంటున్నాను.

ఎర్ర అంచు వద్దు, ఆకుపచ్చ అంచూ వద్దు.

శాంతమ్మ

*

జహీరాబాద్,
5 జనవరి 1984

అక్కా,

నీ ఉత్తరానికి జవాబు రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఎవరో ఒకరు వచ్చారు. ఎవరూ రానప్పుడు నేనే లేచి పోయాను.

అన్ని చీటీలూ అయిపోయాయి. ఒక్కటి మిగిలింది. గుమ్మిది. శివకుమార్ గారు నిలువూ చుట్టూ టేపు పెట్టి కొలిచారు. ఇంత పెద్ద గుమ్మి ఎక్కడా చూడలేదట. మ్యూజియంలో దానికే అన్నిటికంటే ఎత్తు పీట. కమిటీలో ఎవరిని అడిగినా ఒకటే మాట, “వీరప్ప పటేల్ గుమ్మి ఎన్నడు ఖాళీ గాలే.” అదే రాయమంటున్నారు. నాయన పేరు కదా, నాకూ వినడానికి బాగానే ఉంది.

ఏం రాయమంటావు?

బస్వరాజ్

*

హుమ్నాబాద్,
13 జనవరి 1984

నన్నెందుకు అడుగుతావు? నేను జొన్నలు మోసుకొచ్చిన దాన్ని. గుమ్మి సంగతి నీకు తెలియాలి.

అంతగా అడిగావు కాబట్టి రాసుకో. ‘ఈ గుమ్మి నిండుగా ఉన్న రోజునే ఈ ఇంటి ఆడబిడ్డ ఒడిలో జొన్నలు పోశారు.’ మిగతా చీటీలన్నీ నా మాట విని మార్చావు కదా. ఇది కూడా పెట్టు. పెట్టడానికి ధైర్యం లేకపోతే, ఎందుకు పోశావో నాకు చెప్పు. పదకొండేళ్లలో ఆ ఒక్క ముక్క నీ నోటి నుంచి రాలేదు. కోపం జొన్నల మీద సగమే తమ్ముడా, మిగతా సగం నీ నోటి మీద.

మీ బావకు జలుబు. తగ్గింది.

శాంతమ్మ

*

జహీరాబాద్,
28 జనవరి 1984

అక్కా,

మణెమ్మను బయటికి పంపి, తలుపు వేసుకుని రాస్తున్నాను. నవ్వించే మాటలు వెతుక్కుంటే మళ్లీ తప్పించుకుపోతానని భయంగా ఉంది.

నాయన దినాలు అయిన మర్నాడు, విత్తనాలకు వడ్లు తీద్దామని నిచ్చెన వేసుకుని గుమ్మి ఎక్కాను. చెయ్యి పెట్టాను. జానెడు లోతు దాకా వడ్లు. దాని కింద చెక్క తగిలింది. చెక్క పక్కకు జరిపి భుజం దాకా చెయ్యి దించాను. గడ్డి. అక్కా, అడుగు దాకా గడ్డే. కింద అమ్మ నిలబడి ఉంది. “దిగు బిడ్డ. పాతికేండ్ల సంది గట్లనే ఉంది. మీ నాయిన పేరు గడ్డి మీదనే నిలవడ్డది, ఇగ నువ్వు పడగొట్టకు” అంది.

నీ పెళ్లి మాటలప్పుడు మీ మామగారు నిచ్చెన ఎక్కి చూసి, వడ్లు చేతిలోకి తీసుకుని వాసన చూసి, “పెద్ద ఇల్లు” అని మురిసిపోయారు గుర్తుందా? ఆయన చూసింది ఆ జానెడే. మనకు భూమి ఉండేది, నిజమే. నీళ్లు లేవు. ఊళ్లో పేరు ఉండేది. పేరుకు తగ్గట్టు వచ్చినవాళ్లకు పెట్టడమూ ఉండేది. మిగిలింది గడ్డి.

నువ్వు ఒడి కోసం వచ్చిన ఏడు కరువు ఏడు. పైన ఉన్న జానెడు వడ్లు కూడా దంచుకుని తినేశాం. వాటి బదులు ఊక పోసి, ఊక మీద పిడికెడు వడ్లు చల్లి పెట్టాను. నీకు నిండుగా కనిపించింది అదే. ఇంట్లో బియ్యం గింజ లేదు. నాలుగు సేర్ల జొన్నలు ఉన్నాయి. ఈసారి కాదు, వచ్చే బేసి ఏటికి పోస్తానని చెప్పవచ్చు. నోరు రాలేదు. అమ్మ పోయాక మొదటిసారి వచ్చావు, గడపలో నిలబడి ఇల్లంతా కలియజూశావు. నిన్ను ఉత్త ఒడితో పంపలేకపోయాను. ఉన్న జొన్నలన్నీ పసుపులో కలిపాను. మన పొలంలో పనిచేసే ఎల్లమ్మ అప్పుడు పెరట్లో ఉంది, చూసింది. ఇంటికి పోయి, తను దాచుకున్న బియ్యం కొంగులో పట్టుకొచ్చింది. “ఆడిబిడ్డ ఒడిల బియ్యం కనవడాలె అయ్యా. పైన పొయ్యున్రి” అంది. నువ్వు చూసిన రెండు దోసిళ్లు ఆమెవి.

నువ్వు బస్సెక్కాక మూడు రోజులు మాకు పొయ్యి మీద పెట్టడానికి ఏమీ లేదు. ఎల్లమ్మే గంజి పోసింది.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు బావకు చెబుతావు, అది మీ అత్త చెవిన పడుతుంది. గడ్డి చూపించి పిల్లను అంటగట్టారని నిన్ను ఆడిపోసుకుంటారని భయం. ఇదీ ఒక కారణమే. అసలు కారణం నా పొగరు. వీరప్ప పటేల్ కొడుకు ఇంట్లో బియ్యం లేవని అక్కతో కూడా అనలేకపోయాను. నువ్వు నన్ను పిసినారి అనుకున్నా భరించాను కానీ, లేనివాడు అనుకుంటే భరించలేననుకున్నాను. ఎంత బుద్ధి తక్కువ మనిషినో చూడు.

చీటీ రాశాను. ఇంకా ఎవరికీ చూపించలేదు.

‘ఈ గుమ్మిలో ముప్పై బస్తాలు పడతాయి. ఈ ఇంటివాళ్లు పాతికేళ్లకు పైగా ఇందులో గడ్డి నింపి, పైన జానెడు వడ్లు పోసి ఊరిని నమ్మించారు. కరువు ఏట ఆ జానెడు కూడా లేకపోతే పొలంలో పనిచేసే ఎల్లమ్మ వాళ్లకు బియ్యం ఇచ్చింది.’

నువ్వు పెట్టమంటే పెడతాను. మీ అత్తవారి ఊరి నుంచి కూడా జనం వస్తారు, చదువుతారు. ఆలోచించి చెప్పు.

బస్వరాజ్

*

హుమ్నాబాద్,
10 ఫిబ్రవరి 1984

తమ్ముడా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నా దగ్గరే పెట్టుకున్నాను. మూడో రోజు మీ బావకు ఇచ్చాను. ఆయన మెల్లగా, రెండుసార్లు చదివారు. “మా నాయిన గడ్డిని జూసి పిల్లను దెచ్చిండా!” అని పగలబడి నవ్వడం మొదలుపెట్టారు. దగ్గు వచ్చేదాకా నవ్వారు. “వడ్లను జూసి తెచ్చుకున్నోల్లకు ఎసువంటి పిల్లలు వచ్చిన్రో చూస్తలేనా? నాకు గడ్డే నయం” అన్నారు. ఇంత వయసులో ఆ మనిషి నన్ను పొగడడం ఇదే మొదలు. అది కూడా గడ్డి పేరు చెప్పి.

చీటీ పెట్టు. నువ్వు రాసినట్టే పెట్టు. మా అత్త పోయి ఆరేళ్లు అయింది, మామ అంతకు ముందే పోయాడు. ఉన్నా పెట్టమనేదాన్ని. ఎల్లమ్మ పేరు మాత్రం అందరికీ కనపడేట్టు పెద్ద అక్షరాలతో రాయి.

నేనూ ఒకటి దాచాను. ఆ జొన్నలు ఏమయ్యాయో నీకు చెప్పలేదు. మా అత్త వాటిని పారెయ్యలేదు. వచ్చినవాళ్లు పోయాక చాటలో పెట్టి, “మంచి జొన్నలే, రొట్టెలు చేద్దాం” అంది. నేను ఒప్పుకోలేదు. కోపం కొద్దీ చాట లాక్కుని పోయి బర్రె ముందు పోశాను. అది తింటుంటే చూస్తూ నిలబడ్డాను. నీ ఇంట్లో ఉన్న ఆఖరి గింజలు రా అవి. నువ్వూ మణెమ్మా గంజి తాగిన ఆ మూడు రోజులు నేను బర్రెకు జొన్నలు పెట్టాను.

ఒక్కసారి నోరు విప్పి ఉంటే ఏమయ్యేది? నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. రెండు గంటల బస్సు దూరానికి పదకొండేళ్లు పట్టింది మనకు.

హైదరాబాద్ పోయినప్పుడల్లా బస్సు జహీరాబాద్‌లో ఆగుతుంది. మన సందు కనపడే వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ఎవరైనా కూర్చుని ఉంటే లేపి కూర్చుంటాను. ఒకసారి నువ్వు సంచీ పట్టుకుని పోతూ కనిపించావు. చాలా చిక్కిపోయావు. పిలుద్దామని కిటికీ పట్టుకున్నాను. బస్సు కదిలింది. బస్సు మీద నెపం పెట్టి ఊరుకున్నాను.

రావాలని ఉంది. ఎంత ఉందో నీకు రాసి చెప్పలేను. కానీ దేవుడి ముందు దీపం పట్టుకుని ఆ ఇంటి గడప తొక్కనని అన్నాను. కోపంతో అన్నా అన్నదే. ఆ మాట మీరితే నా మనసుకు పట్టదు. నువ్వే ఇక్కడికి వచ్చి పొయ్యవచ్చు కదా అని ఆలోచించాను. కానీ ఒడి పుట్టింట్లో పడితేనే ఒడి. ఇక్కడ పోస్తే అది సామాను దించినట్టు ఉంటుంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. ఉగాది దగ్గర పడుతోంది.

నీ అక్క

*

జహీరాబాద్,
25 ఫిబ్రవరి 1984

అక్కా,

చీటీ పెట్టేశాం. శివకుమార్ గారు చదివి, వంకర లేకుండా తన చేత్తోనే సరిచేశారు. తర్వాత, “పటేల్ సాబ్, ఇల్లు మొన్న ఇచ్చిన్రు మీరు. ఇయ్యాల నిజంగ ఇచ్చిన్రు” అన్నారు. కమిటీలో ఇద్దరు ముఖం మాడ్చుకున్నారు. ఎల్లమ్మకు చదివి వినిపిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “అయ్యో, దోసెడు బియ్యానికి గింత పెద్ద రాత ఎందుకు అయ్యా” అని సిగ్గుపడిపోయింది. చదువు రాని మనిషి, పోతూ పోతూ ఆగి తన పేరు ఎక్కడుందో చూపించమని అడిగింది.

ఇక నీ ఆఖరి చిక్కు. దానికి నా దగ్గర విరుగుడు ఉంది. కానీ అది చెప్పాలంటే ఇంకో గడ్డి బయటపెట్టాలి.

అక్టోబర్ నుంచి నీకు ‘మన ఇల్లు, మన ఇల్లు’ అని రాస్తున్నాను కదా. నేను ఆ ఇంట్లో లేను. గోడ కూలిన వారానికే బయటికి వచ్చాం. మ్యూజియానికి ఇవ్వకపోయినా మేం అందులో ఉండలేకపోయేవాళ్లం. ఇప్పుడు బస్టాండు వెనక రెండు గదులు కిరాయికి తీసుకుని ఉంటున్నాం. నీ ఉత్తరాలు పాత ఇంటి పేరు మీద వస్తే పోస్ట్‌మాన్ సంగయ్య ఇక్కడికే తెచ్చి ఇస్తున్నాడు. ఆయనకు కూడా నీకు చెప్పవద్దని చెప్పాను. ఆయన నీకు ఎట్లా చెప్తాడో ఆలోచించకుండా చెప్పాను.

రెండు గదులంటే నిజంగా రెండే. బొంబాయి లారీ పోతే గూట్లో గిన్నెలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు కూర్చోవాలి. మ్యూజియం ఇంకా తెరవకపోయినా చూడటానికి వచ్చేవాళ్లకు తిప్పి చూపించే పని నాకే ఇచ్చారు. పొద్దున అక్కడికి పోయి మన ఇంట్లో మనవాళ్ల ముచ్చట్లు చెప్పి, సాయంత్రం ఇక్కడికి వచ్చి పడుకుంటాను. బాగానే ఉంది అక్కా. దాచుకునేది ఏమీ లేకపోతే నిద్ర బాగా పడుతోంది.

నువ్వు తొక్కనన్న గడప కమిటీ వారిది. నాది కాదు. నా గడప ఇది. నువ్వు దీని గురించి ఏ దీపం ముందూ ఏమీ అనలేదు. తమ్ముడు ఎక్కడుంటే అదే పుట్టిల్లు అని నేను అనవచ్చో లేదో తెలియదు. అంటే నువ్వు ఒప్పుకుంటావా?

బియ్యం గురించి ఫికర్ పడకు. కోహీర్‌లో తెలిసినవాళ్లు ఉన్నారు. పోయి మంచి సన్నబియ్యం తెస్తాను. ఈసారి మూట ఎంతమంది ముందు విప్పినా నువ్వు తల దించుకునే పని ఉండదు.

నీ తమ్ముడు,
బస్వరాజ్

*

హుమ్నాబాద్,
6 మార్చి 1984

తమ్ముడా,

రాత మాటలు ఇగ నాతోని గావు. నోటికొచ్చినట్టే రాస్తున్న, నువ్వే సదురుకో.

వచ్చే సోమవారం పొద్దుగాల బస్సుకు నేను, మీ బావ వస్తున్నం. బస్టాండ్ల పొద్దటిసంది నిలవడకు, ఎండకు పడిపోతవ్. బస్టాండు వెనకనే అంటివి గద, అడుక్కుంట మేమే వస్తం. చీర కొనిపియ్యకు. మణెమ్మ కట్టుకున్నదాంట్ల ఏదో ఒకటి ఇస్తే సాలు, అదే కట్టుకుంట. ఎల్లమ్మను పిలువు. పక్కన నిలవెట్టుడు గాదు, ఆమెను గూడ పీట మీద కూసోవెట్టాలె, ఆమె చేతితోని గూడ పోయించాలె.

ఇల్లు సిన్నగున్నదని మళ్ల మళ్ల రాయకు. నేనేం ఇల్లు కొలవనీకె వస్తలేను.

ఇంకొక మాట. సన్నబియ్యానికి కోహీరుకు పోతనని రాసినవ్. పోకు. పోయినవని తెలిసిందనుకో, వచ్చిన బస్సుకే మర్లి పోత. ఎవ్వల దగ్గర అడగకు, ఎక్కడికెల్లి తేకు. ఆ పొద్దు నీ ఇంట్ల ఏముంటే అదే పొయ్యి.

మీ అక్క